సాగరు కాడ కొలతలు

జర మొద్దులు ఎగదొయ్యిండ్రి బిడ్డా, మంట తగ్గుతున్నది.

నాగార్జునసాగరు ముచ్చట అడిగిన్రు గద. రాతితోటి కట్టిన డ్యాములల్ల దునియల ఇదే పెద్దదంటరు. రాతికట్ట పొడుగు 4,756 అడుగులు, ఎత్తు 409 అడుగులు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి ఏసిండు, 1967 ఆగస్టు 4న ఇందిరమ్మ కాలువలకు నీళ్లిడిసింది. గివన్నీ మీ పుస్తకాలల్లనే ఉన్నయి. గంత రాయి, గంత మట్టి ఎట్ల కొలిసిన్రని మాత్రం ఎవ్వరడగరు.

గప్పుడు మిషిండ్లు తక్కువ. కట్టెలతోటి ఏసిన బాటల మీద నెత్తిన బండలు, తట్టలు పెట్టుకొని వేలమంది ఎక్కేటోళ్లు. అండ్ల పాలమూరోళ్లు మస్తు. గుంపు మేస్త్రీ ఊళ్లకొచ్చి, అడ్వాన్సిచ్చి, ఆలుమగలను జంటగ తోలుకపోయేటోడు.

మా నాయిన ఎడమకాలువ మీద మట్టిపనికి పోయిండు. నేను పిలగాన్ని. మట్టికి రోజుకూలి గాదు, కొలతకూలి. గుంత తవ్వుకుంట నడుమ నడుమ మట్టిదిమ్మెలు ఇడిసిపెట్టాలె. ఓవర్సీరు టేపు వట్టుకొచ్చి పొడుగు, ఎడల్పు కొలిసి, దిమ్మెల ఎత్తులు కలిపి సగటు తీసి గదే లోతని రాసుకునేటోడు. దిమ్మె ఎత్తు పెరిగితే పైసలు పెరుగుతయి. గందుకని కొందరు రాత్రిపూట దిమ్మె మీద రెండు తట్టల మట్టి పోసి, పైన గడ్డిపెళ్లలు పరిచేటోళ్లు. ఓవర్సీరు తక్కువోడా? టేపు ఇప్పకముందే వంగి గడ్డి వట్టి గుంజేటోడు. పాతదైతే వేర్లు కదలవు. పరిచిందైతే పెళ్లతోటి సహా చేతికొచ్చేది. మేస్త్రీ మొఖం జూడాలె గప్పుడు!

అసలు కొట్లాట మొరం కాడ. మన నేల సంగతి తెలిసిందే, పైన జానెడు ఎర్రమట్టి, కింద మొరం, దానికింద బండ. ఒక్కోదానికి ఒక్కో రేటు. మెత్త మొరమని ఓవర్సీరు రాస్తడు, గట్టి మొరమని కూలోళ్లంటరు. గడ్డపార ఏసి సూపెట్టేదాక తెగదు. లీడు, లిఫ్టు అంటే సదువురాని మా అమ్మకు గూడ ఎరుకే. ఎంత దూరం మోస్తే, ఎంత మీదికెక్కితే, గంత రేటు.

నడుమల అడుగులు పోయి మీటర్లొచ్చినయి. ఘనమీటరంటే 35 ఘనపుటడుగుల పైచిలుకు. వందడుగుల లెక్కన బేరం మాట్లాడుకునేటోళ్లకు కొత్త రేటు మనసున పట్టలె, కొన్నాళ్లు లొల్లి నడిసింది.

కొలతలన్నీ ఎక్కేది ఎం-బుక్కులకు, అంటే కొలతల పుస్తకాలకు. పేజీలకు నంబర్లుంటయి, ఒక్క కాయితం చింపరాదు. తప్పు పడితే చెరపరాదు, గీత కొట్టి సంతకం చెయ్యాలె. మీది ఇంజినీరు వచ్చి మల్ల కొన్ని కొలిసి సూసేటోడు. నన్నడిగితే కట్ట ఎత్తు ఒక్కటే రికార్డు గాదు. గంత పని టేపుతోటి, కలంతోటి లెక్కకు తెచ్చుడు గూడ రికార్డే.

గా బుక్కులల్ల పొడుగు, ఎడల్పు, లోతు ఉంటయి, మోసినోళ్ల పేర్లుండవు. ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మం మీదికెళ్లి ఆంధ్ర దిక్కు పోయింది, పాలమూరుకు పోలె. పాలమూరోళ్లు పని ఒడవంగనే తట్ట, పార సదురుకొని ఇంకో డ్యాముకు బయలెల్లిన్రు.