పటిక చుక్కలు

మైపాడు దగ్గర మా డ్రాయింగు క్లాసు పిల్లలకు పాత టూత్‌బ్రష్షులు చాలు. పటికనీళ్లలో ముంచి, వేలితో కుచ్చు మీటితే నూలుగుడ్డ మీద సన్నగా తుంపర పడుతుంది. ఆ గుడ్డ ముందే కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరేసింది. ఆరాక చుక్కలు కనపడవు. "ఏం రాలేదు సార్!" అంటారు. మంజిష్ఠ వేసి మరగబెడితే పటిక పడ్డచోటల్లా ఎరుపు తేలుతుంది. నలుపుకైతే తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు. అవి కరక్కాయ తగలగానే నల్లబడతాయి.

ఈ కోస్తాకు ఇది పాత విద్య. ఒకప్పుడు ఎరుపుకు మంజిష్ఠ కాదు, చిరువేరు వాడేవారు. ఇసుకనేలలో పెరిగే చిన్న మొక్క అది; సన్నని వేళ్లు తెగకుండా తవ్వి తీయాలి. ఆ రంగు గుడ్డలు సముద్రాలు దాటాయి. వాటి కోసమే డచ్చివాళ్లు పులికాట్‌లో పాగా వేశారు. 1626లో ఇంగ్లీషువాళ్లు దుగరాజపట్నంలో కొట్టు పెట్టి, దాన్ని ఆర్మగాన్ అన్నారు. 1639లో మద్రాసులో చోటు దొరికాక అటు వెళ్లిపోయారు. మద్రాసు కథ అందరికీ తెలుసు, దుగరాజపట్నం కథ మాత్రం మన పిల్లలకే చెప్పం. అది నాకు బాధ.

1868లో జర్మనీ రసాయనవేత్తలు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరువేరులో ఎరుపునిచ్చేదీ అదే. డబ్బాల రంగు చవగ్గా దిగాక వేళ్లు తవ్వేవాళ్లకు గిరాకీ పోయింది. ఇప్పుడు చిరువేరు బజారులో దొరకదు గనకనే మూలికల కొట్లో మంజిష్ఠ కొంటున్నాం.