గంజాము సీమలో నూనెయు నీరును

బండి ఇరుసునకు ఆముదమున గడ్డిమసి కలిపి పూయు కందెనను ఎరుగని తెలుగువాడుండడు; అయితే కందెనయనునది ఇరుసులకే పరిమితమని తలచువారు, 1936 ఏప్రిల్ 1వరకు మదరాసు రాజధానిలో భాగమైయుండిన గంజాము మండలపు నేతవీధులను తఱచి చూడనివారే యనవలెను.

బరంపురపు పట్టునకు గల ప్రఖ్యాతి చాటున, ఆ సీమయందలి తెలుగు నేతగాండ్రు నూలు పడుగును మగ్గమెక్కింపక పూర్వము పడు పాటు మరుగుపడిపోయినది. ఎండ ముదరకముందే వీధి పొడుగునను పడుగు సాచి కట్టి, బియ్యపు గంజియందో చోళ్ల గంజియందో ఇంచుక నూనె కలిపి చిలకరించి, పెద్ద కుంచెతో ఈ కొసనుండి ఆ కొసకు, ఆ కొసనుండి ఈ కొసకు, పోగునకు పోగు అంటుకొనకుండ దువ్వుదురు. వట్టి గంజియైనచో ఎండిన పోగు పెళుసెక్కి మగ్గపు అచ్చుపండ్ల నడుమ పుటుక్కున తెగును. వట్టి నూనెయైనచో నూగు అణగదు. గంజిలోని పిండిపదార్థము నూనెను సూక్ష్మబిందువులుగా నిలిపి నీటినుండి తొందరగా విడివడనీయదు. నీరు ఆరిన పిమ్మట పోగుపై మెత్తని పొర మిగులును. రసాయనజ్ఞులు ఎమల్షన్ అనునది ఈ కలయికనే. నూనె పాలు హెచ్చినచో బట్ట మరకపడును గనుక, కొలతపాత్రకంటె చేతివాటమే అచట ప్రమాణము.

ఆవిరియంత్రమునందును ఇదే న్యాయము. 1900లో ఈ మండలముననే నౌపడనుండి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చినది. అట్టి యింజనుల సిలిండరులో ఆవిరి చల్లబడి నీరగునపుడు వట్టి ఖనిజతైలము కొట్టుకొనిపోవును. కొంత కొవ్వు కలిపినచో, అది నీటితో ఎమల్షనై గోడను వీడదు.

ఈ విద్య మిక్కిలి విరివిగా సాగినది మాత్రము నారమిల్లులలోనే. 19వ శతాబ్ది పూర్వార్ధమున స్కాట్లండునందలి డండీలో తిమింగలపు నూనెను నీటితో చేర్చి జనపనారను మెత్తపరచుట నేర్చిరి. గంజామునకు దక్షిణమున, చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు వెలసిన విశాఖపట్టణ ప్రాంతమున పండు గోగునార మరింత గరుకైనది. నూనె, సబ్బు, నీరు కలిపిన ద్రవమును చాళ్లుగల రోలర్ల నడుమ సాగు నారపై చిలకరించి, గుట్టలుగా పేర్చి మాగనిచ్చినగాని అది వడుకునకు లొంగదు. తిమింగలపు నూనె పోయి ఖనిజతైలము చౌకగా వచ్చినది; దాని వాసన గోనెసంచులనుండి కాఫీ, కోకో గింజలకు పట్టుచున్నదని కొనుగోలుదారులు ఫిర్యాదు చేయగా, మిల్లులు తవుడునూనె వంటి శాకతైలముల ఎమల్షనులవైపు మరలవలసివచ్చినది.