డ్రాగ్ పందెపు కారుకు వెనుక ఇరుసు ఎంపిక

రెండు వాహనాలు పక్కపక్కన నిలిచి, కదలని స్థితి నుండి ఒకేసారి బయలుదేరి, తిన్నని బాటపై ఏది ముందుగా గీత దాటుతుందో తేల్చుకొనే పోటీని డ్రాగ్ పందెం అంటారు. దూరం 1,320 అడుగులు, అనగా సుమారు 402 మీటర్లు. అత్యంత వేగవంతమైన తరగతులకు దీనిని 2008లో 1,000 అడుగులకు కుదించారు. ఈ క్రీడకు పుట్టినిల్లు అమెరికా. అక్కడ వాలీ పార్క్స్ 1951లో స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ దీనికి నియమావళిని ఏర్పరచింది. మన ప్రాంతానికి చేరువలో, చెన్నై దాపున ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పై మోటారు సైకిళ్ల డ్రాగ్ పోటీలు జరిగాయి గాని, మోటారు సైకిలుకు ఇట్టి ఇరుసు ఉండదు. కావున ఈ వ్యాసంలోని ఉదాహరణలు అమెరికా కార్లవే. అయినను, లారీ షెడ్డులో క్రౌను, పినియను విప్పి పరచగా చూసినవారికి ఈ విషయం కొత్తగా తోచదు.

ఇంజను నుండి వచ్చే పొడవాటి షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్ నుండి శక్తి రెండు ఇరుసు కడ్డీల ద్వారా చక్రాలకు చేరుతుంది. వీటన్నిటినీ మోసే ఇనుప గూడు హౌసింగ్. ఇవి అన్నియు కలసినదే వెనుక ఇరుసు సముదాయం.

ఇరుసును ఎంచుకొనేవారు సాధారణంగా ఇంజను ఎన్ని గుర్రాల శక్తి గలదో చూస్తారు. అది సరియైన ఆరంభం కాదు. ఇరుసు విరిగేది ఎక్కువగా బయలుదేరిన తొలి క్షణంలో. ఆ క్షణాన దాని గుండా ఎంత మెలితిప్పు బలం పోతుందో నిర్ణయించేది టైరు పట్టు, కారు బరువు.

ఒక లెక్క చూడవచ్చు. ఇంజను ఇచ్చే టార్క్ 678 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 2.48, ఇరుసు నిష్పత్తి 4.30 అనుకొందాం. మూడింటిని గుణిస్తే సుమారు 7,230 వస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులోని టార్క్ కన్వర్టర్ దీనిని ఆరంభంలో దాదాపు రెట్టింపు చేయగలదు. అయితే అంతటి బలం ఇరుసు గుండా పోవాలంటే టైరు నేలను పట్టుకొని ఉండాలి. కారు బరువు 1,500 కిలోలు, టైరు ఎత్తు 28 అంగుళాలు, వెనుక చక్రాలపై పడే బరువు అరవై శాతం, రోడ్డు టైరు పట్టు ఆ బరువుకు సమానం అనుకొంటే, ఇరుసు గుండా పోయేది సుమారు 3,100 న్యూటన్ మీటర్లు మాత్రమే. తక్కినది టైరు జారి పొగగా పోతుంది. అదే కారుకు స్లిక్ అనబడే మెత్తని పందెపు టైర్లు వేసి, ముందు చక్రాలు నేల వదలేటంతగా బరువు వెనుకకు మళ్లి, పట్టు బరువుకు రెట్టింపయితే ఇరుసుపై భారం 10,000 దాటుతుంది. ఇంజనులో మార్పేమీ లేదు, మారినది టైరు. నిరుడంతా నిలిచిన ఇరుసు కొత్త టైర్లు వేసిన మొదటి వారమే విరగడంలో వింత లేదు.

అమెరికాలో ప్రధానంగా మూడు రకాల ఇరుసులు వాడుకలో ఉన్నాయి. వాటిలో మొదటిది ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసు. 9 అంగుళాలు క్రౌన్ వ్యాసం. 1957 నమూనా కార్లతో మొదలై 1986 వరకు ఫోర్డ్ వాహనాలలో వచ్చింది. దీని పినియన్ క్రౌన్ నడిమి కన్నా బాగా కిందుగా అమరి ఉంటుంది. అందువల్ల ఎక్కువ పళ్లు ఒకేసారి కలుస్తాయి, బలం పెరుగుతుంది. పళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కువ దూరం జారడం వలన కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. పినియన్ ముక్కును మోయడానికి అదనంగా మూడవ బేరింగు ఉన్నది. అన్నింటికంటే మేలైన సౌకర్యం, క్రౌను, పినియను గల నడిమి భాగమంతా ముందువైపు నుండి ఒక్క ముద్దగా ఊడి వస్తుంది. పందెంగాళ్లు వేర్వేరు నిష్పత్తులతో రెండు భాగాలు సిద్ధంగా ఉంచుకొని అవసరాన్ని బట్టి మార్చుకొంటారు. నేడు దీని భాగాలన్నీ కొత్తగా తయారవుతున్నాయి. పాత ఇనుప సామాను అంగళ్లలో వెదకవలసిన పని లేదు.

రెండవది జనరల్ మోటార్స్ వారి 12 బోల్టుల ఇరుసు, క్రౌన్ 8.875 అంగుళాలు. శక్తి నష్టం ఫోర్డ్ దానికన్నా తక్కువ. కొనేవారు ఒక సంగతి గమనించాలి: ట్రక్కులకు వేసిన 12 బోల్టుల ఇరుసు పేరు ఒకటే గాని, దాని పినియన్ కడ్డీ కార్ల దానికన్నా సన్నం. మూడవది డానా 60, క్రౌన్ 9.75 అంగుళాలు. 1966 నుండి క్రిస్లర్ వారు హెమీ ఇంజను, నాలుగు గేర్లు గల కార్లకు దీనిని వేశారు. మిక్కిలి దృఢం, మిక్కిలి బరువు. బరువైన కారుకు, క్లచ్చి ఒక్కసారిగా వదిలే పద్ధతికి తగినది. తేలిక కారుకు అనవసర భారం.

12 బోల్టుల ఇరుసులో ప్రాణానికి సంబంధించిన లోపం ఒకటి ఉన్నది. కంపెనీ అమర్చిన రూపంలో, ఇరుసు కడ్డీని లోపలి కొసన సి ఆకారపు చిన్న క్లిప్పు ఒక్కటే పట్టి ఉంచుతుంది. కడ్డీ విరిగితే చక్రం కడ్డీ ముక్కతో సహా బయటకు వచ్చేస్తుంది. మన లారీలలో అట్లు కాదు. హబ్బు హౌసింగ్ మీదనే తన బేరింగులపై నిలుస్తుంది. కడ్డీ విరిగినా చక్రం ఊడదు, అంచు బోల్టులు విప్పి విరిగిన కడ్డీని బాట పక్కనే లాగివేస్తారు. ఈ ప్రమాదం దృష్ట్యా 10.99 సెకన్లు లేదా అంతకన్నా తక్కువ కాలంలో దూరం ముగించే ప్రతి కారుకు, అట్లే రెండు చక్రాలు బిగించబడిన ప్రతి కారుకు, పందెపు కడ్డీలు, వాటిని బయటి కొసన పట్టి ఉంచే సాధనం తప్పనిసరి అని అసోసియేషన్ నియమం. సమయం సంగతి ఎట్లున్నా, స్లిక్కులు వేసే కారుకు దీనిపై వెనుకాడరాదు.

ఎడ్లబండి చక్రాలు ఇరుసుపై దేనికది తిరుగుతాయి. రైలు చక్రాలు ఇరుసుతో కలసి తిరుగుతాయి. మామూలు డిఫరెన్షియల్ మొదటి వంటిది, మలుపులకు అనుకూలం. కాని ఒక చక్రం జారితే రెండవదానికీ బలం అందదు. స్పూల్ అనేది రెండవ వంటిది, రెండు చక్రాలను ఒకటిగా బిగిస్తుంది. కేవలం పందెపు కారుకు స్పూల్ తేలిక, చవక, దృఢం. అయితే ఒక టైరు పట్టు వదిలితే భారమంతా ఒక్క కడ్డీపై పడుతుంది గనుక కడ్డీలు తదనుగుణంగా ఉండాలి. కడ్డీ కొసన గల గాడుల సంఖ్య దాని లావుకు గుర్తు: పాత ఫోర్డ్ కడ్డీలకు 28 లేక 31, పందెపు వాటికి 35 లేక 40. వీధిలో కూడా నడిపే కారుకు స్పూల్ తగదు. మలుపులలో టైర్లు ఈడ్చుకొని అరిగిపోతాయి.

నిష్పత్తికి సూత్రం సులభం. ఇంజను గరిష్ఠ శక్తినిచ్చే నిమిష భ్రమణాలను టైరు ఎత్తుతో (అంగుళాలలో) గుణించి, గీత దాటే వేగాన్ని (గంటకు మైళ్లలో) 336తో గుణించగా వచ్చినదానితో భాగించాలి. పై గేరు నిష్పత్తి ఒకటి అయినప్పుడు ఇది వర్తిస్తుంది. 6,500 భ్రమణాలు, 28 అంగుళాలు, 120 మైళ్లు అయితే 4.51 వస్తుంది. క్లచ్చి కారుకు 4.56 సరిపోతుంది. టార్క్ కన్వర్టర్ అయిదు శాతం జారితే ఇంజను ఆ మేరకు ఎక్కువ తిరుగుతుంది, అప్పుడు 4.30 మేలు.

పందెపు క్రౌన్, పినియన్‌లను 9310 అనే మిశ్రమలోహంతో చేస్తారు. దాని లోపలి భాగం దెబ్బను సహించును గాని, రోడ్డు వాడకంలో పళ్లు త్వరగా అరుగును. వీధి కారుకు మామూలు గేర్లే మన్నిక. ఏవి కొన్నా, పళ్ల మధ్య ఖాళీని కొలిచి, రంగు పూసి పళ్ల ముద్రను చూసి బిగించే అనుభవశాలి దొరకనిచో, ముందే బిగించి అమ్మే నడిమి భాగాన్ని కొనుట ఉత్తమం.