పోలీసు కేసు ఉంటే సైన్యంలో చేరలేమా? ఫారంలో ఆ ప్రశ్నకు ఏం రాయాలి?

1.6 కిలోమీటర్ల పరుగు, రాత పరీక్ష, మెడికల్ అన్నీ దాటారు. చివర్లో ఒక ఫారం ఇస్తారు. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీపై కేసు నమోదైందా, ఇప్పుడు ఏదైనా కేసు నడుస్తోందా? అగ్నివీర్‌ కావచ్చు, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ కావచ్చు, రాష్ట్రంలో కానిస్టేబుల్ పోస్టు కావచ్చు, మాటలు కాస్త మారినా ఈ ప్రశ్న మాత్రం తప్పదు. ఎప్పుడో ఊళ్లో జరిగిన చిన్న గొడవలో మీ పేరుంటే, ‘రాజీ అయిపోయింది కదా, లేదు అని రాసెయ్’ అనే సలహా ఇంట్లోంచో, కోచింగ్ సెంటర్‌ నుంచో, తోటి అభ్యర్థుల నుంచో వస్తుంది. చాలామంది ఉద్యోగం పోగొట్టుకునేది పాత కేసు వల్ల కాదు, ఈ సలహా వల్లే.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల అభ్యర్థులు ఆర్మీలో చేరాలంటే గుంటూరులోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీస్ పరిధిలోకి వస్తారు. పత్తి, మిర్చి పండే ఈ ఊళ్లలో కేసులు ఎలా పుడతాయో మీకు తెలియనిది కాదు. పొలం గట్టు తగాదా, సాగర్ కాలువ నీళ్ల వంతు, సంక్రాంతి కోడిపందేల బరి, నిమజ్జనం ఊరేగింపు, ఎన్నికల రోజు గొడవ. గట్టు మీద ఇద్దరు పెద్దవాళ్లు కొట్టుకుంటే ఫిర్యాదులో ఇంట్లో మగవాళ్లందరి పేర్లూ ఎక్కుతాయి. అవతలివాళ్లు కౌంటర్ కేసు పెడతారు. కల్లంలో మిర్చి ఎండబోస్తున్న ఇంటర్ కుర్రాడు కూడా ఏ4 అయిపోతాడు. రెండేళ్లకు రెండు కుటుంబాలూ లోక్ అదాలత్‌లో రాజీపడతాయి, శుభకార్యాలకు రాకపోకలు మొదలవుతాయి. కేసు సంగతి అందరూ మరిచిపోతారు. పోలీసు రికార్డు మరిచిపోదు.

అడుగుతున్నది తప్పు చేశారా అని కాదు

అసలు గందరగోళమంతా ఇక్కడే. ‘నేను తప్పు చేయలేదు, కోర్టు కూడా కొట్టేసింది, కాబట్టి లేదు అనే రాస్తాను’ అని మీకు అనిపించవచ్చు. కానీ ఫారం అడిగేది మీరు దోషా కాదా అని మాత్రమే కాదు. కేంద్ర బలగాల అటెస్టేషన్ ఫారంలో అరెస్టు, ప్రాసిక్యూషన్, నిర్బంధం, బైండోవర్, జరిమానా, శిక్ష, పెండింగ్ కేసు గురించి విడివిడిగా అడుగుతారు. ‘ఎప్పుడైనా’ అని అడిగిన చోట నిర్దోషిగా బయటపడిన కేసుకు కూడా ‘అవును’ అనే రాయాలి. ఫలితం ఏమిటో ఆ పక్కనే రాస్తారు.

రాజీ విషయంలోనూ అంతే. రాజీకి వీలున్న నేరాల్లో రాజీ కుదిరితే అది నిర్దోషిగా విడుదలైనట్టేనని చట్టం చెబుతోంది. పాత సీఆర్‌పీసీలో 320వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్‌లో 359వ సెక్షన్. అది మీకు పెద్ద బలం. అయితే ఆ రాజీ కేసు ఫలితాన్ని మారుస్తుంది తప్ప, కేసు నమోదైందన్న వాస్తవాన్ని చెరపదు. నేలపాడులోని హైకోర్టు ఎఫ్ఐఆర్‌ను కొట్టేసినా, ఫారం గతాన్ని కూడా అడుగుతుంటే ఆ సంగతి రాసి, ఉత్తర్వు కాపీ జత చేయడమే మంచిది.

దీనికి రివర్స్‌లో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. పేకాట కేసులోనో, డ్రంక్ అండ్ డ్రైవ్‌లోనో కోర్టుకెళ్లి నేరం ఒప్పుకుని, జరిమానా కట్టి, ‘ఫైన్‌తో పోయింది’ అనుకుంటారు. చట్టం దృష్టిలో అది శిక్ష పడినట్టే. నిర్దోషి తీర్పు కంటే ఇదే బరువైనది. ఆ రోజు త్వరగా ఇంటికెళ్లాలన్న తొందరలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. హెల్మెట్ లేనందుకు పడ్డ ఈ-చలానా మాత్రం వేరు. కోర్టు దాకా వెళ్లకుండా పోలీసులకే కట్టేస్తే అది అక్కడితో ముగిసిపోతుంది.

బైండోవర్‌ను కూడా చాలామంది కేసుగా లెక్కపెట్టరు. ఎన్నికల ముందో, పండగ ముందో తహసీల్దార్ ఎదుట నిలబెట్టి, గొడవలకు దిగనని పూచీకత్తు రాయించుకుంటే అదే బైండోవర్. ఫారంలో దానికి ప్రత్యేకంగా ప్రశ్న ఉంటే దాచకూడదు.

2022 జూన్ తర్వాత ఆర్మీ వైఖరి

అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించారు. మూడు రోజులకే, జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ఆందోళన హింసగా మారింది. రైలు బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతానికి చెందిన ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ గుంపులో అప్పటికే ఫిజికల్, మెడికల్ పూర్తి చేసుకుని, వాయిదా పడుతున్న రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కేసు దర్యాప్తు మన ప్రాంతం దాకా వచ్చింది. నరసరావుపేటలో డిఫెన్స్ కోచింగ్ అకాడమీ నడిపే వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు.

జూన్ 19న త్రివిధ దళాల అధికారులు ఢిల్లీలో విలేకరులతో మాట్లాడారు. విధ్వంసానికి సైన్యంలో చోటు లేదని, ఆందోళనల్లో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసివ్వాలని, నూరు శాతం పోలీసు వెరిఫికేషన్ ఉంటుందని, ఎఫ్ఐఆర్ ఉంటే చేరలేరని లెఫ్టినెంట్ జనరల్ అనిల్ పురి అప్పుడు స్పష్టం చేశారు. ఒక్క సాయంత్రం కోపానికి ఏళ్ల తరబడి చేసిన కసరత్తు పోయిందన్న మాట.

సైన్యంలో చేరేటప్పుడు ఇచ్చే జవాబుకు చట్టపరంగానూ బరువు ఎక్కువ. ఆర్మీ చట్టం, 1950లోని 13వ సెక్షన్ ప్రకారం ఎన్‌రోలింగ్ అధికారి ఫారంలోని ప్రశ్నలు మిమ్మల్ని అడగాలి. అబద్ధం చెబితే శిక్ష ఉంటుందని ముందే హెచ్చరించి మరీ జవాబులు నమోదు చేయాలి. తెలిసి తెలిసి తప్పుడు జవాబు ఇచ్చినట్టు తర్వాత బయటపడితే 44వ సెక్షన్ కింద కోర్టు మార్షల్ విచారణ జరిపి ఐదేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చు. ‘నాకు ఇంగ్లిష్ అర్థం కాలేదు’ అన్న మాట ఆ హెచ్చరిక తర్వాత నిలబడటం కష్టం.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

ఇలాంటి వివాదాల్లో దేశమంతటా ఆధారంగా తీసుకునే తీర్పు 2016 జూలై 21న వచ్చింది. అవతార్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చింది అది. ఉద్యోగంలో చేరకముందైనా, చేరాకైనా ఇచ్చే సమాచారం నిజమై ఉండాలన్నది మొదటి సూత్రం. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసును దాచినా, దాన్ని మన్నించే వీలు అధికారికి ఉందని చెప్పింది. నిజాయతీగా వెల్లడించిన చిన్న కేసు ఇంకా విచారణలో ఉంటే, తీర్పుకు లోబడి నియామకం ఇవ్వవచ్చని కూడా చెప్పింది. అడిగే ప్రశ్న అస్పష్టంగా ఉండకూడదు, స్పష్టంగా అడిగినదాన్ని దాస్తేనే దాచినట్టు అన్నది కూడా ఆ తీర్పులోనే ఉంది.

అందులోనే చేదు నిజం కూడా ఉంది. ముగిసిన కేసు గురించి మీరు నిజమే చెప్పినా, మీ పూర్వాపరాలు పరిశీలించే హక్కు అధికారికి ఉంటుంది. ఉద్యోగం ఇచ్చి తీరాలని ఒత్తిడి చేయలేరు. అంటే నిజం చెబితే ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. దాస్తే మాత్రం, కేసు ఎంత చిన్నదైనా ‘ఇతను మమ్మల్ని మోసం చేశాడు’ అనే కొత్త కారణాన్ని మీరే చేతికిచ్చినట్టు.

ఆ తర్వాతి తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. 2022 మేలో ఒక ఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్‌కు ఊరట దక్కింది. దాచారన్న ఒక్క కారణంతో యాంత్రికంగా తీసేయకూడదని కోర్టు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో, పెండింగ్ కేసు సంగతి చెప్పని సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి తొలగింపును సమర్థించింది. గెలిచినవాళ్లు కూడా ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాకే గెలిచారు. పదిహేడున్నరేళ్లకు మొదలై నాలుగేళ్లలో ముగిసే అగ్నివీర్ ఉద్యోగానికి అంత కాలం ఎవరి దగ్గర ఉంది?

అప్పటికి 18 నిండకపోతే?

ఘటన జరిగిన తేదీనాటికి మీకు 18 ఏళ్లు నిండకపోతే లెక్క మారుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 24వ సెక్షన్ ప్రకారం బాలుడిగా ఉన్నప్పటి నేరం కారణంగా ఎలాంటి అనర్హతా వర్తించదు. అప్పీలు గడువు ముగిశాక ఆ రికార్డును కూడా తొలగించాలి. 16 ఏళ్లు దాటి, ఘోర నేరంలో పెద్దవారిలా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం ఈ రక్షణ లేదు. 2019 నవంబర్‌లో సీఐఎస్‌ఎఫ్‌కు సంబంధించిన ఒక కేసులో మైనర్‌గా ఉన్నప్పటి కేసును అడ్డుగా చూపడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సమస్య ఏమిటంటే, గ్రామాల్లో చాలాసార్లు వయసు చూడకుండానే పెద్దవాళ్లతో కలిపి పేరు రాసేస్తారు. పదో తరగతి మార్కుల మెమోలోని పుట్టిన తేదీని, ఎఫ్ఐఆర్ తేదీని పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే ఫారం నింపేముందే న్యాయవాదిని కలవండి.

ఫారం నింపే ముందు చేయాల్సింది

మొదట మీపై ఏముందో మీకే తెలియాలి. ఫిర్యాదులో ‘మరికొందరు’ అని ఉండి, తర్వాత ఛార్జిషీటులో పేరు చేరినవాళ్లూ ఉంటారు. 2024 మే 13 పోలింగ్ రోజు గొడవలపై సిట్ దర్యాప్తు జరిగిన పల్నాడు లాంటి చోట్ల ఇది మరీ ముఖ్యం. ఈ-కోర్ట్స్ యాప్‌లో జిల్లా ఎంచుకుని మీ పేరు, మీ నాన్నగారి పేరు మీద వెతకండి. ఏపీ పోలీస్ వెబ్‌సైట్‌లో ఎఫ్ఐఆర్‌లు చూడవచ్చు. సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్‌లోనే ఆదేశించింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కాబట్టి పాత కేసు గుంటూరు పేరుతో ఉండి, స్టేషన్ ఇప్పుడు పల్నాడులోనో బాపట్లలోనో ఉండవచ్చు. రెండు చోట్లా చూడండి.

తర్వాత కాగితాలు. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు లేదా లోక్ అదాలత్ అవార్డు సర్టిఫైడ్ కాపీల కోసం కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టండి. వెరిఫికేషన్ తేదీ వచ్చాక పరుగెత్తితే దొరకవు. ఫారంలో పోలీస్ స్టేషన్ పేరు, క్రైమ్ నంబర్, సెక్షన్లు, కోర్టు, సీసీ నంబర్, ఫలితం, తేదీ రాయండి. ‘రాజకీయ కక్షతో పెట్టిన తప్పుడు కేసు’ లాంటి మాటలు అక్కర్లేదు. నిర్దోషి తీర్పు కాపీ ఆ పని చేస్తుంది.

కేసు ఇంకా నడుస్తుంటే, మీ అసలు పోటీ కాలంతోనే. వయోపరిమితి దాటిపోకముందే కేసు తేలాలి. రాజీకి వీలుంటే వచ్చే జాతీయ లోక్ అదాలత్‌లో పెట్టించమని అడగండి. మీ పాత్రే లేదనుకుంటే హైకోర్టులో కొట్టివేత పిటిషన్ గురించి న్యాయవాదిని అడగండి. ఫీజు భారమైతే గుంటూరు, ఒంగోలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇది హక్కు. టోల్ ఫ్రీ నంబర్ 15100.

‘స్టేషన్‌లో మనవాళ్లున్నారు, రికార్డు తీయించేస్తాం’ అని డబ్బు అడిగేవాళ్లు ఈ సమయంలోనే తగులుతారు. ఎఫ్ఐఆర్‌లు సీసీటీఎన్ఎస్ అనే దేశవ్యాప్త నెట్‌వర్క్‌లో ఉంటాయి. ఒక కానిస్టేబుల్ తలచుకుంటే చెరిగిపోయేవి కావు.

ఇప్పటికే ‘లేదు’ అని రాసి ఇచ్చేశారా? పోలీసు వెరిఫికేషన్ రిపోర్టు వెళ్లేలోపే ఫారం తీసుకున్న అధికారికి సవరణ కోరుతూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. కాపీలు జతచేసి, మీ దగ్గరున్న ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. అంగీకరిస్తారన్న హామీ లేదు. కానీ దొరికిపోయాక ఇచ్చే వివరణ కంటే, దొరక్కముందు మీ అంతట మీరు ఇచ్చిన కాగితానికి రేపు కోర్టులోనైనా విలువ ఎక్కువ.