సిరా డబ్బా నుంచి గ్రైండర్ వీల్ దాకా

గ్రైండర్‌కు బయటి వీల్ బిగించారు కాబట్టి వారంటీ పోయిందనే వాదన పవర్ టూల్స్‌తో పుట్టింది కాదు. దాని మూలం ఒక సిరా డబ్బాలో ఉంది. అమెరికాలో ఎ.బి.డిక్ కంపెనీ మిమియోగ్రాఫ్ యంత్రాలు అమ్మేది. మన ఆఫీసుల్లో సైక్లోస్టైల్ మిషను అనేవారే, ఆ జాతిదే. కంపెనీ స్టెన్సిల్ కాగితం, కంపెనీ సిరా తప్ప మరొకటి వాడరాదన్న షరతు ఆ యంత్రం మీదే ఉండేది. న్యూయార్క్‌లో దాన్ని కొన్న ఒకావిడకు వేరే వ్యాపారి సిరా అమ్మితే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1912లో నలుగురు జడ్జీలు కంపెనీ వైపు, ముగ్గురు అటువైపు. ఆ గెలుపు అయిదేళ్లే నిలిచింది: 1914లో ఇలాంటి ముడిపెట్టే షరతులను కట్టడి చేసే క్లేటన్ చట్టం వచ్చింది, 1917లో ఆ కోర్టే తన తీర్పును తిరగరాసింది.

దాంతో కంపెనీలు పేటెంటు హక్కు మాట వదిలి నాణ్యత మాట ఎత్తుకున్నాయి. తమ లెక్కల యంత్రాల్లో నాసిరకం పంచ్ కార్డులు పెడితే అవి తప్పు లెక్కలు చేస్తాయని, చెడ్డపేరు తమకొస్తుందని 1936లో ఐబీఎం వాదించింది. అయితే అదే ఐబీఎం, 15 శాతం అద్దె ఎక్కువిస్తే ప్రభుత్వాన్ని సొంత కార్డులు వాడుకోనిచ్చేది! నాణ్యత కొలతలు చెప్పండి, మీ దగ్గరే కొనమనకండి అన్నది కోర్టు తేల్చిన మాట. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం దీన్నే వారంటీకి వర్తింపజేసింది. ఫలానా బ్రాండు సామానే వాడాలన్న షరతు, ఆ సామాను ఉచితంగా ఇస్తే తప్ప, సాధారణంగా చెల్లదు. బయటి సామాను వల్ల జరిగిన నష్టానికి మాత్రం కంపెనీ బాధ్యత ఉండదు.

మరి ప్రాణాల సంగతో? నిజమే, నిమిషానికి 11,000 చుట్లు తిరిగే గ్రైండర్‌కు 6,600 చుట్లే తట్టుకునే వీల్ వేస్తే అది పగిలి ముఖం మీదికి రావచ్చు. కానీ ఆ హద్దు వీల్ మీద అంకెల్లో అచ్చయి ఉంటుంది. చూడాల్సింది ఆ అంకెను, లోగోను కాదు. పైగా వీల్ ఎవరిదైనా, అరిగిన కార్బన్ బ్రష్‌కూ చెడిన స్విచ్‌కూ దానితో ఏం సంబంధం? బయటి బ్యాటరీ దగ్గర మాత్రం కంపెనీల మాటకు కొంత బలముంది. లోపలి రక్షణ సర్క్యూట్ పైకి కనబడదు, నష్టం దేనివల్లో తేల్చడం కష్టం. మన దగ్గర 2014లో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు జరిమానా వేస్తూ ఇదే గీత గీసింది: బయట రిపేరు చేయించారని వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, ఆ రిపేరు వల్ల చెడినంత మేరకే కాదనవచ్చు.