నిమ్మరసం, వాననీరు, ఉప్పునీరు

పాఠశాలల ప్రదర్శనాలలో పిల్లలు ఒక నిమ్మపండులో రాగిరేకునూ జింకురేకునూ గుచ్చి, తీగలతో కలిపి, విద్యుత్తు పుట్టినదని చూపుతారు. పండులోనే విద్యుత్తు దాగి ఉన్నదని చూపరులు అనుకొంటారు. అది పొరపాటు. అక్కడ ఖర్చయ్యేది జింకు. రసం దారి ఇస్తుంది. నీటిని గురించి కూడా ఇటువంటి పొరపాటే ఉన్నది. తడిచేతితో విద్యుత్ మీటను ముట్టరాదని ఎరుగనివారు లేరు గనుక, నీరు గొప్ప విద్యుద్వాహకమని అందరి నమ్మకం. ఆ నమ్మకం ప్రాణాలు కాపాడేదే గాని, కారణం నీరు కాదు, నీటిలో కరిగి ఉన్నది. ఇంతమాత్రం తేటపడడానికి నూరేండ్లు పట్టింది. ఆ కథలో ఒక ఘట్టం కలకత్తాలో జరిగింది.

ఆరంభం ఒక చేపతో. సముద్రంలోని టార్పీడో చేప నీటిలోనే ఉండి మనిషికి విద్యుదాఘాతం ఎట్లా ఇవ్వగలదు? ఈ ప్రశ్న హెన్రీ కేవెండిష్‌ను పట్టుకొన్నది. ఆయన మొదట కొయ్యతో, తరువాత తోలుతో కృత్రిమమైన చేపను తయారుచేసి ఉప్పునీటిలో ముంచి పరీక్షించాడు. విద్యుత్ప్రవాహాన్ని కొలిచే పరికరం ఆనాటికి పుట్టలేదు. గాజుగొట్టాలలో ద్రవాలు నింపి, లైడెన్ జాడీలలోని విద్యుత్తును వాటిగుండా తన శరీరంలోకే పంపుకొని, ఏ దెబ్బ బలమైనది, ఏది బలహీనమైనది అని పోల్చుకొనేవాడు. ఆయన దేహమే ఆయన కొలబద్ద. 1776లో ప్రకటించిన వ్యాసంలో ఆయన చెప్పిన అంకెలు ఇవి: వాననీటికంటె ఇనుపతీగ 40 కోట్ల రెట్లు మెరుగైన వాహకం, ముప్పైపాళ్ల నీటిలో ఒకపాలు ఉప్పు కలిస్తే నూరు రెట్లు, ఉప్పు ఇక కరగనంతగా కలిపితే 720 రెట్లు. దెబ్బలు తిని రాసిన అంకెలలో ఇంత నిదానం ఉండడం ఆశ్చర్యమే. మితభాషి అయిన ఆ మనిషి తన ప్రయోగాలలో అధికభాగం కాగితాలలోనే ఉంచి వెళ్లిపోయాడు. వాటిని మాక్స్‌వెల్ తిరిగి చేసి చూచి, 1879లో గ్రంథంగా వెలువరించాడు.

1806లో హంఫ్రీ డేవీ మరొక అడుగు వేశాడు. నీటిలో విద్యుత్తును పంపితే ఆమ్లం, క్షారం కూడా ఎక్కడినుంచో వస్తున్నవి. నీరే వాటిని పుట్టిస్తున్నదని కొందరన్నారు. డేవీ గాజుపాత్రను వదిలి అకీకురాతి పాత్రను, చివరకు బంగారుపాత్రను వాడాడు. మాలిన్యం తగ్గినకొద్దీ అవీ తగ్గినవి. 1894లో కోల్‌రాష్, హైడ్‌వైలర్ అత్యంత శుద్ధజలాన్ని సిద్ధంచేసి కొలిచినప్పుడు, అది విద్యుత్తును దాదాపు పోనీయలేదు. నేటి లెక్కలో, సెంటీమీటరు ఘనం శుద్ధజలానికి నిరోధం సుమారు ఒక కోటి 80 లక్షల ఓములు, సముద్రజలానికి ఇరవై, నిమ్మరసానికి కొన్ని వందలు.

నిమ్మరసం ఈ నడిమి స్థానంలో ఎందుకు నిలిచింది? నిమ్మలోని ఆమ్లాన్ని షీలే 1784లోనే వేరుచేశాడు. దాని నడవడిని వివరించే మార్గం మాత్రం ఉప్సాలాలోని ఒక విద్యార్థి వల్ల తెరుచుకొన్నది. నీటిలో కరిగిన పదార్థం విద్యుదావేశంగల కణాలుగా, అనగా అయానులుగా, విడిపోతుందన్న భావానికి స్వాంటె అర్హీనియస్ 1884లో తన పరిశోధనవ్యాసంలో బీజం వేశాడు. పరీక్షకులు దానికి చాల తక్కువ శ్రేణి ఇచ్చారు. 1903లో నోబెల్ బహుమానం వచ్చింది. నిమ్మ ఆమ్లం దుర్బలం: రసంలో ఉండేటంత గాఢతలో నూటికి సుమారు అయిదు అణువులే విడిపోతాయి. విడిపోయిన హైడ్రోజన్ అయానులు మాత్రం మిక్కిలి చురుకైనవి, పొటాషియం అయానులకంటె అయిదురెట్ల వడితో కదులుతాయి. అందువల్లనే కొద్దిపాటి విభజనతోనే రసం బావినీటిని మించిపోతుంది.

కాని ఇటువంటి దుర్బలామ్లాలకు కుదిరిన లెక్క ఉప్పునీటికి కుదరలేదు. ఉప్పు, లవణామ్లం వంటి బలమైన పదార్థాలు ఆ సూత్రాన్ని లెక్కచేయలేదు.

ఈ చిక్కును 1918లో జ్ఞానచంద్ర ఘోష్ చేపట్టాడు. ప్రఫుల్లచంద్ర రాయ్ శిష్యుడు, సత్యేంద్రనాథ బోసు, మేఘనాథ సాహాలకు సహాధ్యాయి, వయస్సు ఇరవైల్లోనే. యుద్ధపు రోజులు, ఐరోపానుంచి పరికరాలు రావడం గగనంగా ఉండేది. ఆయన ముందున్నవి కాగితం, ఇతరులు కొలిచిపెట్టిన అంకెలు. ఉప్పు నీటిలో పాక్షికంగా కాదు, పూర్తిగానే అయానులుగా ఉంటుందని ఆయన వాదించాడు. అవి స్ఫటికంలోవలె వరుసతీరి, ఒకదాన్నొకటి ఆకర్షించుకొంటూ ఉంటాయి. ఆ ఆకర్షణను తెంచుకొనగల శక్తి ఉన్నవే విద్యుత్తును మోస్తాయి. లండన్ కెమికల్ సొసైటీ పత్రికలో వచ్చిన ఈ సిద్ధాంతం ఐరోపాలో చర్చకు వచ్చింది. ప్రశంసలూ ఆక్షేపణలూ పొందింది.

ఆక్షేపణలే నిలిచినవి. పలుచని ద్రావణాలలో వాహకత తగ్గుదల గాఢత వర్గమూలాన్ని అనుసరిస్తుందని కోల్‌రాష్ ప్రయోగాలు చూపాయి. ఘోష్ సూత్రంలో వచ్చేది ఘనమూలం. 1923లో డిబై, హ్యూకెల్ అయానుల చుట్టూ వరుసలకు బదులు కదలాడే మేఘాన్ని ఊహించి, వర్గమూలాన్నే రాబట్టారు. ఘోష్ పేరు పాఠ్యగ్రంథాలలో క్రమంగా పలుచబడింది. నా మట్టుకు ఇది అన్యాయమనే తోస్తుంది. సంపూర్ణ విభజన, అయానుల పరస్పరాకర్షణ అనే ఆయన పట్టిన రెండు కొసలూ సరియైనవే. తప్పినది నడుమ వేసిన ముడి. ఆయన ఢాకాకు వెళ్లి కాంతిరసాయనంలో పనిచేశాడు, 1939లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు, ఆపైన ఖరగ్‌పూర్ సంస్థకు అధిపతి అయ్యాడు, 1959లో మరణించాడు.