ఊరికే ఎగరడం

పల్నాడు చరిత్ర అంటే మనకు నేల మీది కథే. కారెంపూడి రణరంగం, మాచర్ల చెన్నకేశవుడి గుడి, గురజాల, కోడిపందెం, చాపకూడు. ఆ కథలో రాజ్యం నడిపిన స్త్రీ నాయకురాలు నాగమ్మ. ఆమెను వీరగాథలు ఎలా చూపించాయో మనందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్పను. నేను అడగదలచిన ప్రశ్న వేరు. ఇదే నేలను పైనుంచి చూసే అవకాశం ఎవరికి దక్కింది? చూసినవాళ్లు ఏం చేశారు?

ఆకాశం నుంచి ఫొటో తీయడం మన దేశంలో చాలాకాలం నిషిద్ధమైన పని. ఎగురుతున్న విమానంలోంచి రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఎవరూ ఫొటో తీయకూడదని 1937 నాటి విమాన నిబంధనల్లో పదమూడోది చెప్పింది. బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ నిబంధన ఉండిపోయింది. సడలింపులు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇంగ్లండులో క్రాఫర్డ్, కీలర్ అనే ఇద్దరు 1928లోనే వెసెక్స్ ప్రాంతాన్ని విమానంలోంచి ఫొటోలు తీసి, దున్నిన పొలాల కింద దాగిన పాత కట్టడాల జాడలతో ఒక పుస్తకం వేశారు. మన దగ్గర ఆ పైచూపు సైన్యానికీ సర్వే వాళ్లకీ ఇంజనీర్లకీ పరిమితమయింది. ఈ జాబితాలో ఆడవాళ్లు ఎక్కడున్నారో వెతకాలంటే దీపం పట్టుకుని వెతకాలి.

అక్కడక్కడ దొరుకుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తీసిన వైమానిక ఛాయాచిత్రాలను భూతద్దంతో చదివినవాళ్లలో స్త్రీలు చాలామందే ఉన్నారు. జర్మన్ల వి-1 ఎగిరే బాంబును 1943లో పీనెముండె ఫొటోలో చుక్కంత ఆకారంగా గుర్తుపట్టింది కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్. గమనించండి, విమానం నడిపి ఫొటో తీసింది మగవాళ్లు, బల్ల దగ్గర కూర్చుని అర్థం చెప్పింది ఆమె. మన వైపు చూస్తే 1936లో లాహోర్‌లో సరళా ఠక్రాల్ చీర కట్టుకునే జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్లు, నాలుగేళ్ల కూతురు. మూడేళ్లకే, పైలట్ అయిన భర్త విమాన ప్రమాదంలో పోయాడు. వాణిజ్య లైసెన్సు తెచ్చుకోవాలని ఆమె బయలుదేరేసరికి యుద్ధం వచ్చి పౌర శిక్షణ ఆగిపోయింది. తర్వాత చిత్రకళ నేర్చుకుని, దేశ విభజన తర్వాత ఢిల్లీ చేరి, బట్టలూ నగలూ డిజైన్ చేసి బతికింది. 2008లో మరణించింది. ఆమె గురించి రాసిన ప్రతివాళ్లూ చీర సంగతి రాస్తారు, నేనూ రాశాను. పైన ఉన్నప్పుడు ఆమెకు ఎలా ఉండేదో రాసినవాళ్లు తక్కువ.

ఇవాళ భారతదేశంలో పైలట్లలో స్త్రీలు సుమారు పన్నెండు నుంచి పదిహేను శాతం. ప్రపంచ సగటు ఐదు శాతం దగ్గర ఉంది. సంతోషించాల్సిందే. కానీ ఇది ఉద్యోగం లెక్క. జీతం కోసం, కుటుంబం కోసం, దేశం కోసం ఆడపిల్ల ఎగరొచ్చని సమాజం నెమ్మదిగా ఒప్పుకుంది. సరదా కోసం ఎగురుతానంటే? మగవాడి విషయంలో దాన్ని హాబీ అంటారు. నా స్నేహితురాలి కూతురు లైసెన్సు తెచ్చుకుని, సాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి నన్నొక గంట తిప్పుతానన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ అడిగిన మొదటి మాట, "ఏం పని మీద?" అని. "పనేం లేదు అమ్మమ్మా, ఊరికే" అంది ఆ అమ్మాయి. పెద్దావిడకు ఆ జవాబు మింగుడుపడలేదు. గాలిమోటారుకు నూనె ఊరికే వస్తుందా అని కూడా అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. గంట ఎగరడానికి అయ్యే ఖర్చు ఒక కూలి మనిషికి నెలల సంపాదన. ఈ ఆనందం ఎవరికి అందుతుందో మరచిపోయి రాయలేను.

విజయపురి సౌత్‌లోని ఆ ఎయిర్‌స్ట్రిప్ ఆనకట్ట నాటిది. మాచర్ల మండలంలో ఉంది, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. మేం ఎక్కింది నాలుగు సీట్ల సెస్నా 172. దాని రెక్కలు తల మీద ఉంటాయి కాబట్టి కిందికి చూడటానికి ఏదీ అడ్డురాదు. కిటికీ తెరిస్తే గాలే దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది. కెమెరాను గానీ మోచేతిని గానీ కిటికీ అంచుకు ఆనించకూడదని ఆ అమ్మాయి ముందే చెప్పింది, ఇంజను అదురు ఫొటోలోకి వస్తుందట. అనుమతుల కాగితాలు తనే చూసుకుంది. నేల వదిలిన క్షణం గురించి చాలామంది చాలా రాశారు. నాకు గుర్తున్నది కడుపులో తేలికదనం, ఆ వెంటనే గట్టిగా నవ్వేయడం. యాభై దాటిన మనిషిని, కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని, కారణం లేకుండా నవ్వాను. "పిన్నీ, అందరూ ఇంతే" అంది పిల్ల.

పొద్దున్నే ఎందుకు ఎగరాలో పైకి వెళ్లాక అర్థమయింది. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు నేల మీద అర అడుగు ఎత్తు గట్టు కూడా నీడ వేస్తుంది. పాత చెరువు కట్టలు, వదిలేసిన బండిదారులు, పూడిపోయిన గోడలు ఆ నీడల్లో బయటపడతాయి. మధ్యాహ్నానికి అన్నీ చదును. పురావస్తు శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాడుతున్న కిటుకు ఇది. మాచర్ల మీదుగా గురజాలకు గీత గీసినట్టు వెళితే పది నిమిషాలు కూడా పట్టలేదు. రెండు రాజ్యాలు, ఒక వనవాసం, ఒక మహాయుద్ధం, అన్నీ ఒక్క కిటికీలో పట్టాయి. అక్కడినుంచి కారెంపూడి, నాగులేరు. కోటప్పకొండ వైపు పోవడానికి టైము లేదు. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలే కనిపిస్తాయంటారు కదా, సరిగ్గా నడినెత్తిన నిలబడి చూస్తే ఎన్ని కనిపిస్తాయో తేల్చుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది.

పైనుంచి చూసినప్పుడు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించింది మనిషి గీసిన గీత, సాగర్ కుడి కాలువ. అది వాలుకు అడ్డంగా, ఎత్తు తగ్గీ తగ్గనట్టుగా వంపులు తిరుగుతూ పోతుంది. దాని దిగువ భూములకు నీళ్లు వాటంతట అవే పారతాయి. ఎగువ భూములకు పారవు. కాలువకు ఒక పక్క పచ్చగా, ఇంకో పక్క ఎండుగడ్డి రంగులో ఉంటుంది. సర్వే పటం మీద ఏ ఇంజనీరో గీసిన ఆ గీతకు పై పక్కన పడిన ఊళ్లు వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టల్లో ఉన్నాయి. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం ఆ ప్రాంతం దశాబ్దాలుగా అడుగుతూనే ఉంది. గీత కింది ఊళ్లలో ఆడవాళ్లు నాట్లు వేశారు, పై ఊళ్లలో ఆడవాళ్లు బిందెలు మోశారు. ఇది నేల మీద నాకు తెలియని విషయమేమీ కాదు. కానీ గీతను గీతలాగా కళ్లతో చూడటం వేరు.

తిరిగొచ్చేటప్పుడు జలాశయం మీదుగా వచ్చాం. అందంగా ఉంది, అబద్ధం చెప్పను. మధ్యలో నాగార్జునకొండ ఒక ద్వీపం. 1926లో బయటపడిన ఆ లోయను లాంగ్‌హర్స్ట్, తర్వాత టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. మునగబోతున్న లోయ మీద 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో హడావుడిగా, విస్తారంగా తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను విడదీసి కొండ మీద, అనుపులో మళ్లీ పేర్చారు. మిగతావి నీళ్ల కింద ఉన్నాయి. లోయలో ఉన్న ఊళ్లూ అంతే. రాళ్లకు అంకెలు వేసి జాగ్రత్తగా మోశారు. ఊళ్లు ఖాళీ చేసిన ఆడవాళ్లు ఏ వస్తువులు తెచ్చుకున్నారో, ఏవి వదిలేశారో అంత జాగ్రత్తగా రాసిపెట్టినవాళ్లు లేరు.

ఆ నీళ్ల మీద తిరుగుతుంటే నాకు బోధిసిరి గుర్తొచ్చింది. మూడో శతాబ్దం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో, తామ్రపర్ణి అంటే సింహళ దేశపు ఆచార్యుల కోసం చుల ధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించిన ఉపాసిక ఆమె. మహాచైత్యం కట్టించిన చాంతిసిరి రాజు చాంతమూలుడి చెల్లెలు, మహావిహారానికి దానాలిచ్చిన ఇతర స్త్రీలలో రాణులున్నారు. బోధిసిరి రాణి కాదు. ఒక గృహస్థు ఇంటి ఆడపిల్ల. ఫోగెల్ పరిష్కరించి ప్రచురించిన ఆమె ప్రాకృత శాసనంలో పుణ్యఫలం పంచుకునే బంధువుల పేర్లు ముందు వస్తాయి, తర్వాత తను చేసిన పనుల జాబితా. సింహళ విహారంలో బోధివృక్షానికి ఆలయం, మహాధమ్మగిరి మీద ఒక గది, దేవగిరి మీద ఒక సాధనశాల, పువ్వసేలలో చెరువు, వసారా, మండపం, కంటకసేలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం, పపిలలో ఏడు గదులు. ఒక్కో చోటు, ఒక్కో కట్టడం. క్లాసులో ఈ శాసనం చెప్పినప్పుడల్లా నాకు పొడి జాబితాలాగే ఉండేది. రెండున్నర వేల అడుగుల ఎత్తున అది పటంలాగా వినిపించింది. విమానం లేని కాలంలో తెలుగు నేలను అంత దూరం నుంచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసిన ఆడమనిషి ఆమె. సర్వేయరు పటంలో ఏది ఎవరి స్వాధీనమో ఉంటుంది. ఆమె పటంలో ఏది ఎవరికి ఇచ్చిందో ఉంది.

2022 ఫిబ్రవరి 26న ఇదే ఎయిర్‌స్ట్రిప్ నుంచి సెస్నా 152లో ఒంటరిగా శిక్షణకు వెళ్లిన ఒక యువతి, నది అవతల నల్గొండ జిల్లా తుంగతుర్తి దగ్గర పొలాల్లో విమానం కూలి చనిపోయింది. ఆ వారం మా వీధిలో నేను విన్న మాట ఒకటే, "ఆడపిల్లకు ఎందుకొచ్చిన సరదా" అని. ఆమెది సరదా కూడా కాదు, చదువు. శిక్షణలో అబ్బాయిలు పోయినప్పుడు మగపిల్లాడికి ఎందుకని ఎవరైనా అన్నారా? మా అమ్మాయి ఆ నెలంతా ఎగరలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు.

ఇప్పుడు నరసరావుపేట పెళ్లిళ్లలో కూడా డ్రోను తిరుగుతోంది. పైచూపు చౌకయింది. 2023 నవంబరులో కేంద్రం పదిహేను వేల మహిళా స్వయం సహాయక సంఘాలకు మందు పిచికారీ చేసే డ్రోన్లు ఇచ్చే పథకం ఆమోదించింది. ఇక్కడా మళ్లీ పని మీదే, ఉపాధి కోసమే. మంచిదే. రిమోటు చేతికొచ్చిన ఆడవాళ్లలో ఎవరో ఒకరు సాయంత్రం పని అయ్యాక దాన్ని ఊరికే పైకి లేపి తమ ఊరి వైపు తిప్పకుండా ఉంటారా అని నా అనుమానం.

నేను తీసిన వాటిలో పనికొచ్చేవి పదకొండే. వాటిలో కారెంపూడి దాటాక తీసినది మిరప కళ్లాలది. బూడిదరంగు నేల మీద ఎర్రటి చతురస్రాలు, వాటి అంచుల్లో నువ్వుగింజలంత చుక్కలు. తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్లు. పెద్ద సైజులో వేయించి ఆ ఊరు తీసుకెళ్లాను. నలుగురు చుట్టూ చేరి ముందు వేపచెట్టును, తర్వాత బోరును, దాన్నిబట్టి ఎవరి కళ్లం ఏదో తేల్చారు. అంత పైనుంచి చూస్తే ఘాటు తెలుస్తుందా అని ఒకామె అడిగింది. తెలియదన్నాను. "అయితే బాగానే ఉంటుంది" అని నవ్వి, తన చుక్క ఏదో చూపించమంది.